ఇల్లు ఇచ్చాక ఎవరు వెళ్లి చూస్తారు?

(స్మారకోపన్యాస పాఠం)



ఈ స్మారకోపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు. గృహ నిర్మాణ విధానంలో ఏ సంగతైనా మాట్లాడమన్నారు. స్థల సేకరణ, బ్యాంకు రుణం, ఇసుక ధర, లబ్ధిదారుల ఎంపిక, ఏది పట్టుకున్నా గంట చాలదు. అయితే వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పేదల ఇళ్ల గురించి మనకు తెలిసిన కొద్దిపాటి నిజం ఎవరి కాళ్లరిగితే మనదాకా వచ్చింది? అలా తిరిగినవాళ్లను మనం ఎలా చూసుకుంటున్నాం? ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి నివేదికలు చూసినవారికి తెలుసు. మొదటి పేజీలోనే ఇంటింటికీ తిరిగిన విద్యార్థుల పేర్లుంటాయి. ఆయన పేరు కూడా ఆ వరుసలోనే, అక్షర క్రమంలో ఎక్కడ రావాలో అక్కడ ఉంటుంది. దాన్ని చాలామంది ఆయన మంచితనం అంటారు. నా దృష్టిలో అది పరిశోధన పద్ధతిలో భాగం. ఎవరు చూశారో చెప్పని నివేదికలో ఏం చూశారన్నది ఎలా నమ్మాలి?

మన రెండు రాష్ట్రాల రాజకీయాల్లో ఇంటికున్నంత చోటు మరి దేనికీ లేదేమో. 1979లో ఉమ్మడి రాష్ట్రంలో గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. ఎనభైల్లో బలహీన వర్గాలకు పక్కా ఇళ్లు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు, రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లు వచ్చాయి. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పంపిణీలో 30 లక్షలకు పైగా ఇళ్ల స్థలాల పట్టాలిచ్చారు. పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. ఇప్పుడు తెలంగాణలో మళ్లీ ఇందిరమ్మ ఇళ్లు, ఇంటికి 5 లక్షలు విడతలవారీగా. ఇంత ఖర్చు, ఇంత శ్రమ, ఇన్ని ప్రభుత్వాల పట్టుదల. ఇది చిన్న విషయం కాదు. దేశంలో చాలా రాష్ట్రాలు పేదవాడి ఇంటి మీద ఇంత శ్రద్ధ పెట్టలేదు.

గృహ నిర్మాణ శాఖ సమీక్షా సమావేశానికి వెళ్లినవారికి ఆ పట్టికలు గుర్తుంటాయి. మంజూరైనవి, గ్రౌండ్ అయినవి, బేస్‌మెంట్ లెవల్, రూఫ్ లెవల్, శ్లాబ్ పడినవి, పూర్తయినవి. అక్కడితో గడులు అయిపోతాయి. ఏఈ దగ్గర్నుంచి కలెక్టరు దాకా అందరి చూపూ ఆ చివరి గడి మీదే. దాని తర్వాత మరో గడి ఉండాలి. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరుంటున్నారు? ఎలా బతుకుతున్నారు? ఆ గడిని పూర్తిగా నింపే బాధ్యత ఏ శాఖకూ లేదు. దాన్ని నింపడానికి వెళ్లేది పాతికేళ్ల కుర్రాడో, అమ్మాయో. చేతిలో ప్రశ్నావళి, భుజాన సంచి, జేబులో రాను పోను బస్సు చార్జీ.

హైదరాబాద్ శివారులో ఒక డబుల్ బెడ్‌రూం కాలనీలో సర్వే చేస్తున్న ఒక పరిశోధక విద్యార్థినితో కలిసి నేను తిరిగాను. ఆ అమ్మాయి తన నోట్‌బుక్‌లో ‘తాళం’ అని రాసుకున్న ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్తుంది. మొదట కరెంటు మీటరు చూస్తుంది. అంకె కిందటి వారానికీ ఇప్పటికీ కదిలిందా? తర్వాత తాళం చూస్తుంది. తుప్పు పట్టిందా, రోజూ చెయ్యి పడి నున్నగా ఉందా? బాల్కనీలో దండెం ఉందా? పాల ప్యాకెట్లు వేసే కుర్రాణ్ని అడుగుతుంది. ఒకే ఇంటికి పొద్దున అయిదున్నరకు, మధ్యాహ్నం, ఆదివారం సాయంత్రం వెళ్తుంది. అలా వెళ్లబట్టే ఆమెకో సంగతి బయటపడింది. తాళం వేసిన ఇళ్లన్నీ ఖాళీ ఇళ్లు కావు. కొన్నింట్లో మనుషులు తెల్లవారకముందే పనికి పోతున్నారు. కొన్నింట్లో వారమంతా పాత బస్తీలో చుట్టాలింట ఉండి శనివారం రాత్రికి వస్తున్నారు. ఆఫీసు పనివేళల్లో, పదకొండు గంటలకు తనిఖీకి వచ్చిన ఉద్యోగి ఆ తలుపు మీద ‘నివాసం లేదు’ అని రాసుకుపోతే ఆ కుటుంబానికి నోటీసు వస్తుంది. అలా ఉన్న ఒక్క గూడూ పోయే ప్రమాదం ముంచుకొస్తుంది.

అక్కడ ఒక పెద్దావిడ మా ఇద్దరికీ మంచినీళ్లిచ్చి చెప్పిన మాట యథాతథంగా చెబుతాను. “ఇల్లు మంచిగనే ఉంది బిడ్డా. పనే దూరమైంది. ఆడున్నప్పుడు నాలుగిండ్లల్ల పని చేస్తుంటి. ఈడికెళ్లి పోతే రెండిండ్లే అందుతున్నయి.” ఆ అమ్మాయి వెంటనే తర్వాతి ప్రశ్నకు పోలేదు. పెన్ను పక్కన పెట్టి, “ఆ రెండిండ్ల పైసలు ఎట్ల సర్దుకుంటున్నరు పెద్దమ్మా?” అని అడిగింది. ప్రశ్నావళిలో ఆ ప్రశ్న లేదు. తర్వాతి అరగంటలో చిట్టీ గురించి, కోడలి గొలుసు తాకట్టు గురించి, బడి మానేసిన మనవడి గురించి మేం విన్నాం. ఒక గృహ నిర్మాణ పథకం అసలు ఫలితం ఆ అరగంటలో ఉంది.

ఇది ఒక్క హైదరాబాద్ సంగతి కాదు. అహ్మదాబాద్‌లో 1987లో బీడీ కార్మికులకు లాటరీ తీసి ఊరి చివర ఇళ్లిచ్చారు. చాలా ఏళ్ల తర్వాత షారన్ బార్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే ఆ కుటుంబాల పరిస్థితిని పరిశీలించారు. లాటరీ తగిలినవారిలో 34 శాతం ఆ ఇళ్లకు వెళ్లనే లేదు. మరో 32 శాతం వెళ్లి తిరిగొచ్చేశారు. ఇల్లు మెరుగైంది కానీ ఆదాయం పెరగలేదు, పిల్లల భవిష్యత్తు మారలేదు, కష్టానికి ఆదుకునే బంధువులు, కులస్తులు దూరమయ్యారు. ఈ అధ్యయనం అచ్చయింది 2017లో. 1987 నాటి లాటరీ ఫలితం పత్రికలో అచ్చవడానికి ముప్పయ్యేళ్లు పట్టింది. ఈలోపు దేశమంతటా నగరాలు ఊరి చివరే ఇళ్లు కడుతూ పోయాయి.

దీని పక్కనే మరో పరిశోధన పెట్టి చూడాలి. ముంబైలో మ్హాడా అనే ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ తీసిన లాటరీలో ఇళ్లు గెలిచినవారిని తనూ కుమార్ అధ్యయనం చేశారు. అప్పటికి ఆమె బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ విద్యార్థిని. అక్కడ ఫలితం వేరుగా వచ్చింది. గెలిచిన కుటుంబాల్లో చదువులు, ఉద్యోగాలు మెరుగుపడ్డాయి. స్థానిక సమావేశాలకు వెళ్లి తమ ప్రాంతం గురించి మాట్లాడేవారు పెరిగారు. ఈ తేడా ఎందుకు? ముంబైలో కొందరు ఆ ఇళ్లలో ఉన్నారు, కొందరు అద్దెకిచ్చి ఆ డబ్బుతో తమకు అనువైన చోట ఉన్నారు. పని దగ్గర బతుకుతూనే ఇంటి ఫలం అనుభవించే వెసులుబాటు వాళ్లకుంది. మన దగ్గర డబుల్ బెడ్‌రూం ఇల్లు అద్దెకిస్తే కేటాయింపు రద్దు చేస్తారు. అద్దెకిచ్చినవాడికి ఇల్లు అవసరం లేదన్నది దాని వెనకున్న ఆలోచన. అది నిజమేనా? కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన ఒక్క సముదాయంలోనే 15,660 ఇళ్లున్నాయి. ఈ ప్రశ్న తేల్చడానికి అంతకంటే మంచి చోటు దేశంలో మరొకటి దొరకదు. ఇద్దరు పరిశోధకులకు మూడేళ్ల జీతం ఇస్తే తేలిపోయే విషయం ఇది. ఆ కాలనీకి పెట్టిన ఖర్చులో ఆ జీతం లెక్కకు కూడా రాదు.

దేశస్థాయి లెక్కలైనా అంతే. 2012లో అమితాబ్ కుందూ అధ్యక్షతన నిపుణుల బృందం పట్టణాల్లో 1 కోటి 87 లక్షల 80 వేల ఇళ్ల కొరత ఉందని చెప్పింది. ఈ అంకె అందరికీ తెలుసు, ప్రతి ఉపన్యాసంలోనూ వస్తుంది. అందులో బొత్తిగా ఇల్లు లేనివారి వాటా 5 లక్షల 30 వేలే. దాదాపు కోటిన్నర మాత్రం ఇరుకు వల్ల వచ్చిన కొరత. ఇల్లుంది, కానీ కొడుకూ కోడలికి వేరే గది లేదు. 2011 జనగణనలో పట్టణాల్లో కోటీ పది లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా కనిపించాయి. ఈ రెండు నిజాలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా అనుమానం రావాలి. ఇరుకుగా ఉన్నవాడికి కావాల్సింది ఉన్న ఇంటి మీద ఇంకో గదా, ఊరవతల ఇంకో ఇల్లా? ఏ బస్తీలో ఏది కావాలో ఢిల్లీలో కూర్చుని చెప్పలేం. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. కొత్త లెక్కలు వచ్చేదాకా మనం 2011 నాటి అంకెలతోనే నడుస్తున్నాం. ఈ ఖాళీలో వాడల్లో తిరిగి సమాచారం తెచ్చినవాళ్లు ఎక్కువ మంది యువ పరిశోధకులే.

చిన్నవాళ్ల మాట విధానాన్ని మార్చగలదా అని కొందరు పెద్దలు సందేహపడతారు. చరిత్ర చూస్తే ఆ సందేహం నిలవదు.

అమెరికాలో క్యాథరిన్ బావర్ ఇరవై ఆరేళ్ల వయసులో, 1931లో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికులకు కట్టిన ఇళ్ల గురించి ఒక వ్యాసం రాసింది. ‘ఫార్చ్యూన్’ పత్రిక పోటీలో దానికి బహుమతి వచ్చింది. ఆమెకు అప్పటికి పెద్ద ఉద్యోగమూ లేదు, పరిశోధన పట్టా కూడా లేదు. 1934లో ‘మోడర్న్ హౌసింగ్’ అన్న పుస్తకం వచ్చింది. 1937లో అమెరికా తొలి శాశ్వత ప్రభుత్వ గృహ నిర్మాణ చట్టాన్ని రాయడంలో ఆమె చెయ్యి ఉంది. బహుమతికీ చట్టానికీ మధ్య ఆరేళ్లు. ఒక పత్రిక సరైన సమయంలో ఒక చిన్నదాని రాతను గుర్తించింది కాబట్టే ఇదంతా జరిగిందని నేను అనను. కానీ ఆ గుర్తింపుతో ఆమెను వినేవాళ్లు పెరిగారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. తాను పోరాడి తెచ్చిన విధానమే దారి తప్పిందని 1957లో ఆమే గట్టిగా రాసింది. చిన్న వయసు నుంచే స్వతంత్రంగా రాసే అలవాటున్నవాళ్లకే ఆ ధైర్యం ఉంటుంది.

జాన్ టర్నర్ ముప్పయ్యేళ్ల వయసులో, 1957లో, ఇంగ్లండ్ నుంచి పెరూ వెళ్లాడు. లీమా చుట్టూ పేదలు తామే కట్టుకున్న వాడల్లో ఏళ్ల తరబడి పనిచేశాడు. ఇల్లు ఎలా కనిపిస్తుందన్నది కాక, ఆ ఇల్లు అందులో ఉండేవాళ్లకు ఏం చేసి పెడుతోందన్నది చూడాలన్నాడు. ఆ ఆలోచన ప్రపంచ బ్యాంకు దాకా పాకి, డెబ్బైల చివర్లో మద్రాసులో స్థలమూ నీళ్లూ దీపాలూ ప్రభుత్వమే ఇచ్చి ఇల్లు జనమే కట్టుకునే పథకాలకు దారి చూపింది.

ఇటీవలి ఉదాహరణ మాథ్యూ డెస్మండ్. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ విద్యార్థిగా 2008, 2009లో మిల్వాకీ నగరంలో అద్దె ఇళ్ల నుంచి గెంటివేతకు గురవుతున్న కుటుంబాల మధ్య తానూ అద్దెకు ఉన్నాడు. ఆ పని ‘ఎవిక్టెడ్’ పుస్తకమై 2016లో వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ అందుకుంది. అమెరికాలో గెంటివేతల లెక్కలు తీసే ప్రయోగశాల ప్రిన్స్‌టన్‌లో దాని నుంచే పుట్టింది. పుస్తకం గురించి అందరూ చెబుతారు. దాని వెనకున్న ఏర్పాట్ల గురించి ఎవరూ చెప్పరు. అద్దెదారుల సర్వేకు మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. పీహెచ్‌డీ అయ్యాక హార్వర్డ్‌లో మూడేళ్ల ఫెలోషిప్ వచ్చింది. పాఠాలు చెప్పే భారం లేకుండా, రేపటి జీతం గురించి దిగులు లేకుండా అతను రాసుకోగలిగాడు. ప్రతిభ అతనిదే. ఆ ప్రతిభకు సమయం ఇచ్చింది మాత్రం సంస్థలు.

మనవాళ్లకూ ఇలాంటి తెలివి ఉంది. బి.ఎన్. యుగంధర్ గారు ముస్సోరీ అకాడమీ డైరెక్టరుగా ఉన్నప్పుడు ఐఏఎస్ ప్రొబేషనర్లను పల్లెలకు పంపి భూ సంస్కరణల స్థితి మీద నివేదికలు రాయించారు. శిక్షణలో ఉన్న కుర్రాళ్ల రాతలని వాటిని బీరువాలో పెట్టించలేదు. ఆ నివేదికల ఆధారంగా ‘ల్యాండ్ రిఫార్మ్స్ ఇన్ ఇండియా’ సంపుటాలు వచ్చాయి. బిహార్ మీద వచ్చిన మొదటి సంపుటం 1993లో వెలువడింది. భూమి గురించి పనిచేసేవాళ్లు ఇప్పటికీ వాటిని తిరగేస్తారు. ఇళ్ల విషయంలో ఆ పని మనం ఎందుకు చేయలేదు? ఆర్కిటెక్చర్, ప్లానింగ్ కళాశాలల్లో, సామాజిక శాస్త్ర విభాగాల్లో ప్రతి ఏడాదీ ఎంతోమంది విద్యార్థులు ఏదో ఒక కాలనీని కొలిచి, గీసి, మాట్లాడి ప్రాజెక్టు రిపోర్టులు ఇస్తారు. వైవా అయిన మర్నాటి నుంచి అవి ఎవరికీ కనిపించవు. పీహెచ్‌డీ గ్రంథాలైనా శోధ్‌గంగ వెబ్‌సైటులో దొరుకుతాయి. ఎంఏ, ఎంప్లాన్ విద్యార్థుల పని అలాగైనా దొరకదు.

ఇక వాళ్ల బతుకు సంగతి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవారికి 2023 నుంచి నెలకు 37 వేలు. అది వచ్చినవారు అదృష్టవంతులు, అదీ నెలనెలా పడితే. నాలుగైదు నెలల ఫెలోషిప్ ఒకేసారి పడే సందర్భాలు తక్కువేం కాదు. ఈలోపు మెస్ బిల్లు, గది అద్దె, ఇంటి నుంచి వచ్చే ఫోన్లు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ పరీక్ష అర్హత లేనివారికిచ్చే నెలకు 8 వేల ఫెలోషిప్ ఏళ్ల తరబడి పెరగలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. దాంతో పరిశోధకుడు ఏం చేస్తాడు? ఏదో కన్సల్టెన్సీకి ఇంటికింతని ఎన్యూమరేటరుగా వెళ్తాడు. తాను స్వయంగా వేయాల్సిన ప్రశ్నలు పక్కన పెట్టి వాళ్లిచ్చిన ట్యాబ్‌లో గడులు నింపుతాడు. ‘లబ్ధిదారుల సంతృప్తి’ అన్న ప్రశ్న దగ్గర అయిదింటిలో ఒక అంకె నొక్కమంటాడు. ప్రభుత్వ జీపులోంచి దిగిన మనిషికి ఏ లబ్ధిదారైనా ఏ అంకె చెబుతారు? ఆ అంకెలే నివేదికై, రంగుల అట్టతో, ఆ సంస్థ పేరుతో బయటికొస్తాయి. తిరిగినవాడి పేరు ఎక్కడా ఉండదు.

ఇళ్ల మీద పరిశోధన చేసే ఈ పిల్లలకే అద్దె ఇల్లు దొరకదన్నది నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం. కులం అడుగుతారు, మతం పేరులోనే తెలిసిపోతుంది, పెళ్లి కాలేదంటే తలుపు వేసేస్తారు. అద్దె ఇళ్లలో కుల, మత వివక్ష మీద సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. వేర్వేరు పేర్లతో ఇల్లు అడిగించి, ఎవరికి దొరుకుతుందో ఎవరికి దొరకదో చూశారు. దళితులకు, ముస్లింలకు తలుపులు మూసుకోవడం అందులో స్పష్టంగా కనిపించింది. ఇలాంటి అధ్యయనాల్లో ‘ఇల్లు ఖాళీ లేదు’ అన్న మాట చెవిన పడేది ఫీల్డులో ఉన్న యువకులకే. అది వాళ్లకు పరిశోధన సమాచారమే కాదు, సొంత అనుభవం కూడా. దళిత, మైనారిటీ విద్యార్థులు, ఆడపిల్లలు ఈ రంగంలోకి ఎక్కువగా రావాలని నేను కోరుకునేది అందుకే. ఇంటి ప్రశ్నను వాళ్లు అడిగే తీరు వేరుగా ఉంటుంది. వాళ్లు వచ్చి నిలబడాలంటే ఫీల్డుకు వెళ్లే ఖర్చు, రాత్రి సురక్షితంగా తిరిగొచ్చే ఏర్పాటు, గైడు ఫోనెత్తడం, ఇవన్నీ ఉండాలి. ఇవి దయాదాక్షిణ్యాలు కావు, పనికి కావాల్సిన పనిముట్లు.

గుర్తింపు గురించి కూడా కొంచెం సూటిగా మాట్లాడుకోవాలి. మన సభల్లో శాలువా, జ్ఞాపిక, ఫొటో అయిపోతే పని అయిపోయిందనుకుంటాం. బ్రిటన్‌లో హౌసింగ్ స్టడీస్ అసోసియేషన్ అనే పరిశోధకుల సంఘం వాలరీ కార్న్ పేరిట బహుమతి ఇస్తుంది. ఇంకా కెరీర్ మొదట్లో ఉన్నవారు రాసిన మంచి పత్రానికి అది దక్కుతుంది. వాలరీ కార్న్ ఎవరు? బర్మింగ్‌హామ్‌లో మునిసిపల్ ఇళ్లు ఎవరికి ఎలాంటివి దక్కుతున్నాయో కార్యాలయ పద్ధతుల్లోకి దిగి పరిశీలించి, నల్లజాతివారికి, ఆసియావారికి నాసిరకం ఇళ్లు ఎలా చేరుతున్నాయో జెఫ్ హెండర్సన్‌తో కలిసి 1987లో పుస్తకం రాసిన మనిషి. అలాంటి మనిషి పేరున్న బహుమతి అందుకున్న కుర్రాడికి ఒక బాధ్యత కూడా అందుతుంది. ఐరోపా గృహ పరిశోధకుల సంఘం కూడా బెంగ్ట్ టర్నర్ పేరిట కొత్త పరిశోధకులకు బహుమతి ఇస్తుంది. ఇద్దరూ కన్నుమూసిన పండితులే. వాళ్ల పేర్లను పెద్దల ఉపన్యాసాలకు కాకుండా చిన్నవాళ్ల పనికి జోడించారు. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది.

మన దగ్గర మొదలుపెట్టాల్సింది మాత్రం ఇంకా ముందు నుంచి. సర్వేలో పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ నివేదికలో ఉండాలి. ఏ భాగం ఎవరు రాశారో చెప్పాలి. ప్రభుత్వ సంస్థలు పని అప్పగించే ఒప్పందంలోనే ఈ షరతు పెడితే ఎవరూ తప్పించుకోలేరు. దీనికి పైసా ఖర్చు లేదు.

సమాచారం విషయంలో అధికారులు మనసు పెట్టాలి. జాతీయ నమూనా సర్వే వారి ఇంటింటి వివరాలు, పేర్లు తీసేసి, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. 2018లో ఇళ్ల స్థితిగతులపై జరిగిన 76వ విడత వివరాలు కూడా అలాగే దొరుకుతాయి. కానీ అందులో మన ఒక్కో జిల్లాకు వచ్చే కుటుంబాలు కొద్ది. జిల్లా గురించి, పట్టణం గురించి మాట్లాడాలంటే రాష్ట్ర ప్రభుత్వాల దగ్గరున్న వివరాలు కావాలి. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో రాష్ట్రమంతా సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల దగ్గర ఇంటింటి సమాచారం ఉంది. పేర్లు, ఆధార్ తీసేసి, విశ్వవిద్యాలయం పూచీ మీద పరిశోధకులకు ఇచ్చే పద్ధతి పెట్టడం కష్టమేమీ కాదు. ఇప్పుడు కుర్రవాడు ఆర్టీఐ దరఖాస్తు పెట్టి, అప్పీలు పెట్టి, జవాబొచ్చేసరికి ఫెలోషిప్ గడువు ముగుస్తుంది.

మళ్లీ వెళ్లడానికి డబ్బివ్వడం ఇంకా ముఖ్యం. ఇల్లు ఇచ్చిన ఆరు నెలలకు చేసిన సర్వే ఒకటి చెబుతుంది, అయిదేళ్ల తర్వాత చేసినది మరొకటి చెబుతుంది. లిఫ్టు మరమ్మతు ఎవరు చేయించారు, నీటి బిల్లు ఎవరు కట్టారు, సెంటు స్థలంలో ఇల్లు కట్టడానికి తెచ్చిన అప్పు తీరిందా, ఇవన్నీ కాలం గడిస్తేనే తెలుస్తాయి. పీహెచ్‌డీకి వెళ్లిన కాలనీకే అయిదేళ్ల తర్వాత వెళ్లేందుకు మన దగ్గర ఏ నిధీ లేదు. ఆ పరిశోధకుడు ఈలోపు గెస్ట్ లెక్చరరుగా, గంటకింతని, మూడు కాలేజీలు తిరుగుతుంటాడు. విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి ఖాళీలు నింపకపోవడం ఈ రంగానికి జరుగుతున్న అతి పెద్ద నష్టం. కాలనీ గురించి ఇరవై ఏళ్ల జ్ఞాపకం ఉన్న మనిషి ఒక్కడూ మిగలడం లేదు.

తేలిన విషయాలు చేరాల్సినవాళ్లకు చేరడం లేదు. మూడు వందల పేజీల ఇంగ్లిషు గ్రంథాన్ని హౌసింగ్ డీఈ చదవడు, చదివే తీరికా అతనికి లేదు. అందులో ఉన్న కుటుంబాలకూ అది అందదు. పీహెచ్‌డీ పట్టా ఇచ్చే ముందు నాలుగు పేజీల తెలుగు సారాంశం అడగండి. దాన్ని ఆ కాలనీలోనే, అక్కడి మహిళా సంఘం ముందు, శాఖ ఇంజనీరు కూడా కూర్చుని ఉండగా చదివించండి. తప్పులుంటే అక్కడే ఎవరో ఒకరు లేచి చెబుతారు. నాకు తెలిసి అంతకంటే గట్టి వైవా లేదు. రేడియోలో, దినపత్రికల సంపాదకీయ పేజీల్లో ఆ సారాంశాలకు చోటివ్వమని పత్రికల మిత్రులను కూడా అడుగుతున్నాను.

అధికారులకు ఒక మాట. పిల్లల నివేదికలో మీ పథకం గురించి మంచి లేకపోతే వాళ్లను శత్రువులుగా చూడకండి. తలుపు తాళం వెనక ఏముందో మీ తనిఖీలో కనిపించనిది వాళ్లు చూసి చెబుతున్నారు. సీనియర్ అధ్యాపకులకు ఇంకో మాట. మీ శిష్యుల సమాచారంతో మీరు పత్రం రాస్తే ముందు పేరు వాళ్లది పెట్టండి. వాళ్ల రాత మీ టేబుల్ మీదకు వచ్చిన నెలలోపు చదివి ఇవ్వండి. ఆరు నెలల ఆలస్యం మీకు ఏమీ కాదు, ఫెలోషిప్ చివరి ఏడాదిలో ఉన్నవాడికి అది చేజారిన ఉద్యోగం.

పరిశోధక మిత్రులారా, మీకు చెప్పడానికి నా దగ్గర పెద్ద సలహాలేమీ లేవు. నోట్‌బుక్‌లో తేదీ, వేళ రాయండి. ‘తాళం’ అని రాసిన ఇంటికి ఇంకోసారి వెళ్లండి. మీకు నీళ్లిచ్చినవాళ్లకు మీరు రాసింది చూపించండి.

చివరగా ఈ స్మారక నిధి నిర్వాహకులకు నా విన్నపం. ఈ సభకు, శాలువాలకు, జ్ఞాపికలకు, భోజనాలకు ఏటా కొంత ఖర్చవుతోంది. వచ్చే ఏడాది నుంచి అందులో సగమైనా పక్కన పెట్టి, పీహెచ్‌డీ పూర్తయి పదేళ్లు దాటని ఒకరికి, తాము ఇదివరకు అధ్యయనం చేసిన కాలనీకే మళ్లీ వెళ్లి రావడానికి ఇవ్వండి. దరఖాస్తు రెండు పేజీలు చాలు, తెలుగులో. డబ్బు ముందే ఇవ్వండి, బిల్లులు తర్వాత అడగండి. ఈ ఉపన్యాసం కూడా ఇకమీదట నాలాంటి వయసు మళ్లినవాళ్లతో ఇప్పించకండి. ఆ వెళ్లొచ్చిన పరిశోధకుణ్ని, పరిశోధకురాలిని ఈ వేదిక మీదకు పిలవండి. మేమంతా ముందు వరుసలో కూర్చుని వింటాం.